ఇంటి చదువుకు ఏ టైంటేబుల్? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లకు ఒక పోలిక

పిల్లల్ని ఇంట్లోనే చదివించాలని తేల్చుకున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగువాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "మీ టైంటేబుల్ ఒకసారి పంపుతారా?" పంపడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అది మీ ఇంట్లో నడవదు. మా వారికి కొట్టు ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి నాలుగింటి దాకా ఇంట్లో ఉంటారు కాబట్టి లెక్కలు ఆ వేళకి పెట్టాం. పద్యాలు మా అత్తగారు చెబుతారు, పొద్దున్న పూజయ్యాక. ఒడియా పక్కింటి గురుమా చూస్తారు, ఆవిడ రిటైరైన టీచరు. ఈ ముగ్గురి తీరికల్ని బట్టి అల్లుకున్నది మా టైంటేబుల్. మీ ఇంట్లో మనుషులు వేరు, వేళలు వేరు.

కాబట్టి అరువు తెచ్చుకోవాల్సింది టైంటేబుల్‌ని కాదు, పద్ధతిని. ఆ పద్ధతిని ఎంచుకునే ముందు కూడా మూడు సంగతులు తేలాలి: పిల్ల పదో తరగతి ఎక్కడ, ఏ మీడియంలో రాస్తుంది, ఏ భాష ఎప్పుడు మొదలుపెడతారు, చెప్పేవాళ్ల చేతిలో రోజుకు నిజంగా ఎంతసేపు ఉంది. ఆంధ్ర, తెలంగాణ లోపలి తెలుగు ఇళ్లకు మొదటి రెండూ పెద్ద సమస్యలు కావు. మనకు మాత్రం అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫోనులో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు.

రోజుకు ఎన్ని గంటలు?

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని ఉంది. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1000 గంటలు. ఇది బడులకు పెట్టిన నియమమే గానీ మన కొలతకు పనికొస్తుంది. 800ని 200తో భాగిస్తే రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లోనే హాజరు పిలవడం, అల్లరి ఆపడం, ముప్పై మంది నోటుబుక్కులు దిద్దడం, ఒకరికి అర్థం కానిది అందరికీ మళ్లీ చెప్పడం అన్నీ ఉంటాయి. ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే ఏడెనిమిదేళ్ల పిల్లకు గంటన్నర, రెండు గంటలు చాలు అన్నది నా అనుభవం. పదేళ్లు దాటాక మూడు గంటలు. పదమూడు దాటాక నాలుగు, అందులో సగం పిల్ల తనంతట తాను చదువుకునేది.

పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బడిలాగే ఇంట్లో కూర్చోబెట్టాలనుకునే తల్లులకు ఇది గట్టిగా చెబుతాను. వద్దు. పిల్ల విసిగిపోవడం ఒక ఎత్తు, అంతకంటే ముందు మీరు అలిసిపోతారు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఆ చట్టం బడుల గురించీ ప్రభుత్వ బాధ్యత గురించీ మాట్లాడుతుంది, ఇంటి చదువును పేరు పెట్టి ప్రస్తావించదు. అయితే దాని 4వ సెక్షను ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడికి వెళ్లకుండా ఉన్నా, ఎప్పుడైనా వయసుకు తగ్గ తరగతిలో చేరే హక్కు ఉంది. ఇంటి చదువు కుదరకపోతే తలుపు మూసుకుపోదన్నమాట. జనన ధ్రువపత్రం మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి.

పదో తరగతి ఎక్కడ?

ఇది తేలకుండా వేసిన టైంటేబుల్ పిల్ల పన్నెండో ఏట తిరగరాయాల్సి వస్తుంది. మన ముందున్న దారుల్లో నిజంగా ఆలోచించాల్సినవి రెండే. ఒకటి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. రెండోది ఎనిమిదో తరగతికో తొమ్మిదికో స్థానిక బడిలో చేర్పించి ఒడిశా బోర్డు పరీక్ష రాయించడం. కేంబ్రిడ్జి లాంటి విదేశీ బోర్డుల పరీక్షలు ప్రైవేటుగా రాయించే కేంద్రాలు పెద్ద నగరాల్లోనే దొరుకుతాయి, ఫీజులూ ఎక్కువ. మన ఊళ్ల నుంచి ఆ దారి నేను ఎవరికీ చెప్పను. ఏపీ ఓపెన్ స్కూల్ గురించీ చాలామంది అడుగుతారు, పాతపట్నం పక్కనే కదా అని. ఆంధ్రలో ఇల్లూ నివాసపు కాగితాలూ ఉండి, అక్కడే ఉండి రాయగలిగితే చూడండి. ఇక్కడుండి అటు పరుగులు పెట్టడం దండగ.

ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి చేరడానికి 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు చాలు, అందులో కనీసం ఒక భాష ఉండాలి. పాసు మార్కు 33 శాతం. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. ఒక్కసారే అన్నీ రాయనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంది. చిన్న పిల్లలకు కూడా ఇదే సంస్థ 'ఓపెన్ బేసిక్' అని మూడు మెట్లు నడుపుతుంది. ఎ మెట్టు మూడో తరగతికి, బి ఐదుకు, సి ఎనిమిదికి సమానం. మధ్యలో బడిలో చేర్పించే ఆలోచన ఉన్నవాళ్లకు ఈ కాగితం చేతిలో ఉంటే ధైర్యం.

లెక్కలు తప్పనిసరి కాదని విని కొందరు తల్లిదండ్రులు సంబరపడతారు. లెక్కలు వదిలేస్తే పాలిటెక్నిక్, సైన్సు గ్రూపులు అన్నీ దూరమవుతాయి. చదువు భారమైన పిల్లకు ఆ వెసులుబాటు వరమే. మిగతావాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక భాష. ఎన్‌ఐఓఎస్‌లో భాషా సబ్జెక్టులు గరిష్ఠంగా రెండు తీసుకోవచ్చు. మనకు కావలసినవి మూడు. చాలామంది తెలుగు, ఇంగ్లీషు తీసుకుని ఒడియా వదిలేస్తారు. ఇక్కడే ఉండి, ఇక్కడే బతకాల్సిన పిల్లకు ఇది అన్యాయం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లు ఏవి చూసినా ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలనీ, ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలనీ షరతు కనిపిస్తుంది. ఉద్యోగం మాట అటుంచినా, తాసిల్ ఆఫీసులో ఒక అర్జీ రాయడానికి ఇంకొకరి చేయి పట్టుకునే తరం మనతో ఆగిపోవాలి.

నా సలహా ఇది. భాషా పేపర్లుగా ఒడియా, ఇంగ్లీషు తీసుకోండి. లెక్కలు, సైన్సు, సాంఘికం తెలుగు మీడియంలో చదివించండి. ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి తెలుగు మీడియం ఉంది. అలా చేస్తే తెలుగు ఒక పేపరుగా పక్కన పడి ఉండదు, కిరణజన్య సంయోగక్రియనూ లఘువు గురువులనూ ఒకే భాషలో ఆలోచించే అలవాటు నిలుస్తుంది. ప్లస్ టూకి వెళ్లాక ఇంగ్లీషు మాటలు కొత్తవి కాకుండా ఆంధ్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు దగ్గర పెట్టుకోండి. ఇప్పుడవి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి, మనలాంటి ఇళ్ల కోసమే వేసినట్టుంటాయి. అయితే మీకు దగ్గర్లోని స్టడీ సెంటర్ తెలుగు మీడియం ఇస్తుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి. ఇవ్వకపోతే ఇంగ్లీషు మీడియం, భాషా పేపర్లుగా ఒడియా, తెలుగు అన్నది రెండో మేలు.

నాలుగు పద్ధతులు

గడియారం పట్టుకుని నడిచే టైంటేబుల్ అందరికీ తెలిసిందే. ఎనిమిదింటికి తెలుగు, ఎనిమిదీ నలభైకి లెక్కలు, తొమ్మిదిన్నరకి ఇంగ్లీషు. గోడ మీద చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. ఎనిమిదీ పావుకి గ్యాసు బండివాడు వస్తాడు, తొమ్మిదింటికి కరెంటు పోతుంది, పాతపట్నం నుంచి ఆడపడుచు వస్తుంది. పదింటికల్లా మూడు పీరియడ్లు పోయాయి. పోయిన పీరియడ్లు కిరాణా కొట్టు అప్పు ఖాతాలాగా పేరుకుంటాయి, వారం తిరిగేసరికి తల్లికి ఆ పుస్తకం తెరవాలంటేనే భయం.

అయినా గడియారం పద్ధతి తప్పనివాళ్లు ఉన్నారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే, తాతగారో మామ్మో కూర్చోబెట్టే ఇంట్లో గడియారమే ఆధారం. ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకున్నవాళ్లకూ అంతే. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలియడం పెద్ద ఊరట. వాళ్లకు గంటల బదులు బొమ్మలతో చార్టు వేసి, అయిన బొమ్మను తిప్పేస్తూ ఉంటే బాగా నడుస్తుంది. ఇలాంటి పిల్లల తల్లులు పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూడకండి, చార్టు పట్టుకుని నడవండి.

రెండోది వరస పద్ధతి. నేను పదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు దీన్నే చెబుతాను. రోజూ తప్పని రెండు పనులు ముందు పెట్టుకోవాలి. మా ఇంట్లో అవి లెక్కలు, బిగ్గరగా చదవడం. మిగతావన్నీ ఒక వరసలో రాసుకోవాలి: సైన్సు, ఒడియా రాత, ఊరి పటాలు, ఇంగ్లీషు కథ, బొమ్మలు, పద్యం. ఈరోజు సైన్సూ ఒడియా రాతా అయ్యాయి, అక్కడ పెన్సిలుతో గీత. రేపు ఊరి పటాలతో మొదలు. మధ్యలో మూడు రోజులు జ్వరమొచ్చినా, ఊరెళ్లినా గీత అక్కడే ఉంటుంది. ఏదీ బాకీ పడదు. బుధవారం పీరియడ్ కాబట్టి ప్రతి బుధవారం పండగలకి పోయి బొమ్మలు నెలల తరబడి వెనకబడిపోవడం అనేది ఉండదు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే వరస పెట్టి, పెద్దదానికి పెద్ద పని, చిన్నవాడికి చిన్న పని ఇవ్వొచ్చు. లోపం ఒక్కటే. తల్లి కాస్త మెతకైతే వరస నత్తనడక నడుస్తుంది. నెలకు కనీసం ఎన్ని చుట్లు తిరగాలో ముందే రాసుకుంటే ఆ బెంగ ఉండదు.

మూడోది వారం లెక్క. ఆదివారం సాయంత్రం పిల్లతో కూర్చుని ఆ వారంలో అయిపోవాల్సిన పనులు రాస్తారు. ఏ పని ఏ రోజు అన్నది పిల్ల ఇష్టం. శుక్రవారం సాయంత్రానికి అన్నీ అవ్వాలి, శనివారం ఆట. పది నుంచి పదమూడేళ్ల పిల్లలకు దీన్ని మించింది లేదంటాను. నచ్చని సబ్జెక్టును ముందు తీసి పారేయాలా, చివరికి తోసుకోవాలా అన్నది పిల్ల స్వయంగా నేర్చుకునే వయసు అది. గురువారం సాయంత్రం మిగిలిన పని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే వదిలేయండి, వచ్చే వారం సోమవారమే మొదలుపెడుతుంది. కొట్టు, టైలరింగు, పొలం పనులున్న ఇళ్లలో కూడా తల్లిదండ్రుల వేళలు రోజుకొక రకంగా ఉంటాయి కాబట్టి వారం లెక్కే కలిసొస్తుంది.

నాలుగోది అంశం పట్టుకుని చదవడం, ప్రాజెక్టు అంటారు. మన ఊళ్లలో ఇలాంటి అంశాలకు కరువు లేదు. మా గోడ మీద రెండు కాలెండర్లు ఉంటాయి, ఒకటి కోహినూర్ ఒడియా కాలెండరు, ఒకటి వెంకట్రామా తెలుగు కాలెండరు. ఒడియావాళ్ల కార్తికం కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడు మొదలై కార్తిక పున్నమితో అయిపోతుంది. మన కార్తికం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా నడుస్తుంది. ఇరుగు పొరుగు ఇళ్లలో ఒకే నెల పదిహేను రోజుల తేడాతో ఎందుకు మొదలవుతుందో పిల్లను కనుక్కోమంటే, నెలను పున్నమితో ముగించే లెక్కా అమావాస్యతో ముగించే లెక్కా, చంద్రుడి కళలూ, అధికమాసమూ అన్నీ బయటికొస్తాయి. పున్నమి పొద్దున్న వాళ్లు బొయిత బందాణకి చిన్న పడవలు నీళ్లలో వదులుతారు. జావా, బాలి దీవులకు సరుకులతో వెళ్లిన ఒడియా వర్తకుల జ్ఞాపకం అది. మనం అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. ఇక్కడి నుంచి చరిత్రా భూగోళమూ ఎటు కావాలంటే అటు సాగుతాయి.

ఇంకొకటి చెబుతాను. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు 1931లో గుణుపురం దాకా వెళ్లింది. ఆ పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. దాన్ని నేల మీద సుద్దతో గీసి, పక్కన ఇప్పటి బ్రాడ్ గేజి అయిదున్నర అడుగులు గీస్తే పిల్ల రెంటి మధ్యా గెంతులేస్తూనే తేడా చూసేస్తుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. సరిహద్దు అంటే ఏమిటో ఇక్కడి పిల్లకు ఇంతకంటే దగ్గరగా ఏ పాఠం చెబుతుంది?

ప్రాజెక్టు అంటే నాకు ఇంత ప్రేమ ఉన్నా చదువంతా దాని మీదే పెట్టమని చెప్పను. ప్రాజెక్టులో భిన్నాలు రావు, ఒత్తులు రావు, ఒడియా దస్తూరి రాదు. రోజూ కొంచెం కొంచెం చేయాల్సినవి వేరు, మనసుపెట్టి మునిగిపోవాల్సినవి వేరు. నెలకొక అంశం, వారంలో రెండు మధ్యాహ్నాలు అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

భాషల వరస

నాలుగు భాషలూ ఒకేసారి మొదలుపెట్టిన ఇళ్లలో పిల్ల ఏడేళ్లకు నాలుగు రకాల అక్షరాలు గీస్తుంది గానీ ఏ భాషలోనూ ఒక పేజీ చదవలేదు. ముందు తెలుగు గుణింతాలు, ఒత్తులు గట్టిపడాలి. ఆ రోజుల్లో ఒడియా నోటితో మాత్రమే, వీధిలో ఆటతో వస్తుంది. తెలుగు చదవడం సాఫీ అయ్యాక ఒడియా అక్షరాలు పట్టుకుంటే చాలా తొందరగా వస్తాయి. క ఖ గ ఘ అన్న వరస ఒకటే, మారేది రూపం. ఒక్క చోట మాత్రం తెలుగు పిల్ల తడబడుతుంది. మనం 'అ' పలికే చోట ఒడియా 'ఒ' పలుకుతుంది. జగన్నాథుడి పేరును మన పిల్ల రాసి ఉన్నట్టే చదివితే గురుమా నవ్వి 'జొగొన్నాథొ' అని దిద్దుతారు. అందుకే ఒడియా చదవడం మీరు పక్కన కూర్చుని నేర్పడం కంటే ఒడియా ఇంటి మనిషి చేత చెప్పించడం నయం. వారానికి మూడు రోజులు, ముప్పావుగంట. డబ్బు ఇచ్చినా సరే, వాళ్ల పిల్లకి మీరు లెక్కలు చెప్పినా సరే.

లెక్కలు మొదట ఒక్క భాషలోనే చెప్పండి. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది. వినగానే స్థానాలు తెలుస్తాయి. ఒడియాలో అది 'అణతిరిసి', ముప్పైకి ఒకటి తక్కువ. వంద దాకా అలాంటి పేర్లు విడివిడిగా బట్టీ పట్టాల్సిందే. పొద్దున ఇంట్లో ఎక్కాలు, సాయంత్రం నేస్తాలతో పణికియా (ఒడియా ఎక్కాలు) అంటే పిల్ల రెండిట్లోనూ తికమక పడుతుంది. పన్నెండో ఎక్కం నోటికి వచ్చేదాకా తెలుగే. ఆ తర్వాత బజారు లెక్కలు ఒడియాలో వాటంతటవే వస్తాయి, కూరల కొట్టుకు పంపండి చాలు.

మహారాష్ట్రలో సిరోంచ, గడ్చిరోలి వైపు తెలుగువాళ్లకూ ఇదే వరస చెబుతాను, ఒడియా చోట మరాఠీ పెట్టుకుంటే సరి. మరాఠీ ఇరవై తొమ్మిది 'ఎకొణతీస్' కూడా అలాంటిదే. మీకున్న సౌకర్యం ఏమిటంటే మరాఠీ, హిందీ రెండిటికీ దేవనాగరి ఒక్కటే లిపి, ఒక అక్షరమాల పని తగ్గుతుంది. పైగా రాష్ట్ర బోర్డు పరీక్షను ప్రైవేటుగా రాయడానికి అక్కడ 17 నంబరు ఫారం దారి ఉంది కాబట్టి ఎన్‌ఐఓఎస్‌తో పాటు దాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఏడాదిని ఎలా పంచుకోవాలి

ఒడిశా బడులు ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలుపెడతాయి. ఆంధ్ర బడులు జూన్ రెండో వారంలో. గడ్చిరోలి ఉన్న విదర్భలో ఎండల వల్ల జూన్ చివర్లో. ఇక్కడి నేస్తాల సెలవులతో కలవాలంటే ఒడిశా కాలెండరు, శ్రీకాకుళం వైపు మామ్మగారింట్లో వేసవి గడపాలంటే ఆంధ్ర కాలెండరు. రెండింటికీ నేను ఓటు వేయను. ఆరు వారాలు చదువు, ఒక వారం సెలవు అన్నది తీసుకోండి. అలా ఏడు చుట్లు తిరిగితే 49 వారాలు, అందులో చదువు 42 వారాలు. వారానికి ఐదు రోజులు వేసుకున్నా 210 రోజులు, చిన్న తరగతుల 200 దాటిపోయాయి. ఏడాదిలో ఇంకా మూడు వారాలు జ్వరాలకీ పెళ్లిళ్లకీ మిగులుతాయి. సెలవు వారాలు రథయాత్ర, దసరా, సంక్రాంతి దగ్గర పడేలా కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఎండాకాలంలో ఇక్కడి బడుల్లాగే పొద్దున్నే ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికల్లా పుస్తకాలు కట్టేయండి.

అక్టోబరు మాత్రం ఖాళీగా ఉంచండి. అది తుఫానుల నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. తిత్లీకి గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేకుండా, దారులు తెగి ఉన్నప్పుడు ఏ టైంటేబుల్ నిలబడుతుంది? పదో తరగతికి వచ్చిన పిల్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఎన్‌ఐఓఎస్ రెండో విడత పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏప్రిల్-మే విడతను గురిగా పెట్టుకుని, అక్టోబరు-నవంబరును మిగిలిపోయిన సబ్జెక్టు కోసం దాచుకోండి. ఏప్రిల్‌లో ఎండ మండుతుంది నిజమే, కానీ ఎండకు గొడుగు, మంచినీళ్ల సీసా ఉంటాయి.

ఏప్రిల్ పరీక్ష అనుకున్నాక వెనక్కి లెక్కపెట్టాలి. ఫిబ్రవరి, మార్చి పూర్తిగా పాత ప్రశ్నపత్రాలకి. జనవరికల్లా పాఠాలు అయిపోవాలి. అసైన్‌మెంట్లు రాయడం సెప్టెంబరులోనే మొదలుపెట్టించండి, ఆ 20 శాతం మీ ఇంట్లో, మీ కళ్ల ముందు సంపాదించుకునేది. ఈ వయసులో వరస పద్ధతి పక్కన పెట్టి, వారం లెక్కా గడియారమూ రెండూ కలపండి. పరీక్ష మూడు గంటలు కుదురుగా కూర్చుని రాయాల్సింది కాబట్టి వారానికి ఒక్కసారైనా పొద్దున్న అలా కూర్చోబెట్టాలి.

నోటుబుక్కా, ఫోనా?

నోటుబుక్కే. పొడుగాటి రూళ్ల పుస్తకం, పేజీకి మూడు గళ్లు: అనుకున్నది, జరిగింది, గమనించింది. మా పుస్తకంలోంచి ఒక సోమవారం ఇలా ఉంది. అనుకున్నది: భిన్నాల కూడిక, ఐదు లెక్కలు. జరిగింది: మూడే. గమనించింది: 3/4 + 1/8కి 4/12 అని వేసింది, పైవి పైవీ కిందవి కిందవీ కూడేస్తోంది. మర్నాడు ఒక చపాతీని నాలుగు ముక్కలు, ఇంకోదాన్ని ఎనిమిది ముక్కలు చేసి, మొదటిదాంట్లో మూడు ముక్కల్ని మళ్లీ సగాలు చేయించారు వాళ్ల నాన్న. ఆరు, ఒకటి, ఏడు. ఎనిమిదింట ఏడు. ఆ గడిలో రాసుకోకపోతే సోమవారం తప్పు ఆ వారంలోనే మరుగున పడిపోయేది, ఆ పిల్ల హారాలు కూడుతూనే ఉండేది. ఏ పాఠం ఎన్నిసార్లు ఎందుకు ఆగిందో మూడో గడి చెబుతుంది, వచ్చే ఆరు వారాల ప్లాను దాన్ని చూసే వేయాలి.

ఫోను యాప్‌లు గుర్తు చేయడానికి బాగుంటాయి. పిల్ల చేతికి ఇస్తే టైంటేబుల్ చూడ్డానికి తెరిచిన ఫోను మూయడం కష్టం. పాఠాల కోసమైతే 2017 నుంచి ఉన్న ప్రభుత్వ దీక్షా యాప్ మంచిది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. కొండల వైపు, గుమ్మ, మోహన లాంటి చోట్ల సిగ్నల్ నమ్మలేం, అందుకని ఊళ్లోకి వచ్చినప్పుడు వారానికి సరిపడా డౌన్‌లోడ్ చేసుకోండి.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగస్తులై, పెద్దవాళ్లు చూసుకునే ఇల్లు: పొద్దున్న గడియారం రెండు గంటలు, సాయంత్రం మీరు అరగంట చదివించి పుస్తకంలో రాసుకోవడం. అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి.

ఒక్కరే చెబుతూ ఇంటి పని కూడా చూసుకునే తల్లి, పిల్లలు చిన్నవాళ్లు: వరస పద్ధతి, నెలకొక ప్రాజెక్టు. కొట్టు, వ్యవసాయం, రెండు మూడు వయసుల పిల్లలు: వారం లెక్క, చిన్నవాడికి మాత్రం వరస. పదమూడు దాటిన పిల్ల: ఏప్రిల్ నుంచి వెనక్కి లెక్క.

బడి మాన్పించి ఈ మధ్యే ఇంటికి తెచ్చుకున్న పిల్ల అయితే మొదటి నెల ఏ పద్ధతీ పెట్టకండి. రోజూ కథలు చదివి వినిపించండి, వంటింట్లో కొలతలు పట్టించండి, గురుమా ఇంటికి ఊరికే పంపండి. ఆ నెలంతా మూడో గడి మాత్రం నింపుతూ ఉండండి. పిల్ల ఏ వేళకి చురుగ్గా ఉంటుందో, దేనికి విసుక్కుంటుందో అందులో కనిపిస్తుంది. నెల పూర్తయ్యాక ఆ పేజీలు ముందు పెట్టుకుని మీ వరసో, మీ వారం లెక్కో పిల్లతో కలిసి రాసుకోండి.